మావ పోసే నీళ్లు

మంగళవారం, పలాస నుంచి వచ్చాక

డయాలసిస్ చేయించుకుని వచ్చిన మావ మంచమెక్కకుండా నేరుగా మందారం దగ్గరికి వెళ్లాడు. నన్ను పెళ్లాడిన ఏడాది తనే సిమెంటు తొట్టెలో నాటిన మొక్క. డాక్టరు తనను నీళ్లు కొలిచి తాగమన్నప్పటి నుంచి దానికి పూటపూటా చెంబులకొద్దీ పోస్తున్నాడు. నీళ్లెక్కువై ఆకులు పసుపెక్కాయి, మొగ్గలు రాలుతున్నాయి. మావకేమో అది దాహంలా కనిపిస్తోంది. ఆ మొక్క పోతే మావని ఎలా సముదాయించాలో...

"ఏటి మావా, ఇంకా పోత్తన్నావు? ఏర్లు కుళ్లిపోతాయి," అన్నాను.

"నాకెలాగూ లేదు. అదైనా కడుపునిండా తాగనీయే."

చెంబు లాక్కుందామని చెయ్యి చాపాను. మావ పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. చెంబు తీసుకుని, మొక్కకి పొయ్యమని మళ్లీ నింపి ఇచ్చాను.