పైలట్ బరువు

శనివారం రాత్రి

చిన్న విమానాలున్నవాళ్ళంతా ఏటా ఒకచోట దిగి కలుసుకునే పండగ ఇవాళ. మేముండే వాటర్లూలో మా బుల్లి విమానం ఎక్కేముందు, దాన్ని నడిపే మా ఆయన వెయింగ్ మెషీన్ తెచ్చి నన్నూ, మడత కుర్చీలనూ, చివరికి పులిహోర డబ్బానూ తూచారు.

"నాలుగు కిలోలు ఎక్కువైంది. పులిహోర దింపెయ్. సేఫ్టీ ముఖ్యం!"

అందరూ వంటలు తెచ్చే లంచ్‌కి నేను చేతులూపుకుంటూ వెళ్ళాను. ఆయన మాత్రం అక్కడ ఏ గిన్నెనూ వదల్లేదు.

తిరిగొస్తుంటే, పొద్దున ఆయన బరువులన్నీ రాసి కూడిన లెక్క కాగితం నా కంటపడింది. పైలట్ బరువు డెబ్బై కిలోలట! అది లైసెన్సు వచ్చిన ఏడాది బరువు. ఆ తర్వాత పొట్టకి చాలని ఆయన బెల్టుకి చివర్న మూడు కొత్త చిల్లులు పొడిచింది నేనే.

"మీరు మెషీన్ ఎక్కలేదా?" అన్నాను.

"నా బరువు నాకు తెలీదా ఏంటి?"

పదిహేనేళ్ళుగా నన్ను గాల్లో తిప్పుతున్నది ఈ లెక్కతోనేనా...