ఎక్స్‌రేల మచ్చ, గోడకున్న కంజీర

బాపుకు,

నీ పెద్దబిడ్డ ఏస్తేరు పూణే నుంచి రాస్తున్న. యేసయ్య పేరు మీద నీకు, అమ్మకు, అవ్వకు వందనాలు. నేనిక్కడ సక్కగున్న. మీరు సుత సక్కగున్నరనే అనుకుంటున్న. అనుకునుడే, ఎందుకంటే నువ్వు నా ఫోన్ ఎత్తుతలేవు. చెల్లెనడిగితే "బాపు తోటకాడికి పోయిండక్కా" అంటది. ఎప్పుడు చేసినా బత్తాయి తోటల్నే ఉంటవా బాపూ? అందుకే ఈ ఉత్తరం. దీన్ని చెల్లెతోని చదివిపిచ్చుకోకు. పాటల పుస్తకం మీద ఏలు పెట్టి అక్షరాలు నేర్చుకున్నోడివి, గట్లనే ఏలు పెట్టి నువ్వే చదువు.

ముందుగాల నా ముచ్చట. ఇక్కడ ఒక ముసలోళ్ల ఆశ్రమంల నర్సుగ చేస్తున్న. నల్లగొండల నాతోని చదివిన సునీత తోలుకొచ్చింది. ఇద్దరం ఒకటే రూముల కిరాయికుంటున్నం. వాన పట్టిందంటే ఇడువది, ఆరేసిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. పప్పుల బెల్లమేస్తరు బాపూ! మొదటిరోజు నోట్ల పెట్టుకుంటే ఏడ్పొచ్చింది. మనింటి జొన్నరొట్టె, పచ్చిపులుసు యాదికొచ్చి బుక్క దిగలే. ఇప్పుడు అలవాటైంది, ఫికర్ చెయ్యకు. ఆశ్రమంల ఒక ముసలమ్మకు మాట పడిపోయింది. పొద్దుగాల ఆమె తల దువ్వుకుంట మన పాటలు పాడుత. ఆమెకు తెలుగు ముక్క రాదు, అయినా మంచం పట్టె మీద ఏళ్లతోని దరువేస్తది. అంతా తప్పు దరువే. నీ కంజీర ఇన్నదాన్ని, నాకది దరువనిపిస్తదా? నవ్వొస్తది, ఎనుకనే దుఃఖమొస్తది.

కంజీర అంటే యాదికొచ్చింది. దాన్ని గోడకు తగిలేసి, ఆదివారం చర్చికి పోవుడు బంద్ వెట్టినవంట. "ఏ ముఖం పెట్టుకోని పోవాలె" అన్నవంట. అమ్మ ఫోన్ల చెప్పుకుంట ఏడ్చింది.

ఎందుకో నాకెరికే. నాకు దుబాయి నౌకరి దొరికిందని తెలిసిన ఆదివారం చర్చిల సంఘం ముందట లేచి "నా బిడ్డ దుబాయి దవాఖానల నర్సుగ పోతాంది, దేవుడు నా మొర ఇన్నడు" అని సాక్ష్యం చెప్పినవ్. పాస్టర్ అయ్యగారు మెల్లగ "ముందు మెడికల్ పరీక్ష కానీ, అప్పుడు చెప్పుదువు" అన్నడు గదా. నువ్వు ఇన్నవా? కాకముందే స్తోత్రం చెప్తెనే విశ్వాసం అన్నవ్. కోత పండుగనాడు సంఘమంతటికీ అన్నం పెడ్తనని మొక్కు సుత మొక్కినవ్. ఎనుక హైదరాబాద్ల ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తిల పాత టీబీ మచ్చ ఉన్నది, పనికిరావన్నరు. రోగం ఎప్పుడో పోయింది సార్, మచ్చ ఒక్కటే మిగిలింది అని బతిలాడిన. రూల్ అన్నరు.

ఆరోజు మస్తు ఏడ్చిన. దేవునితోని కొట్లాడిన. సంఘం ముందట మా బాపు ఇజ్జత్ ఎందుకు తీస్తివి అని అడిగిన. జవాబు రాలే. ఇప్పటికీ రాలే, నీకు అబద్ధమెందుకు చెప్పాలె.

గిప్పుడు సంఘం పెద్ద యాకోబు మామ, మనింట్ల ఏదో దాపెట్టిన పాపమున్నది, అందుకే దుబాయి తలుపు మూసుకుంది అన్నడంట. నువ్వు తల దించుకొని ఇన్నవంట. ఆయన అన్నందుకు కాదు బాపూ, నువ్వు తల దించినందుకు నాకు కోపమొచ్చింది. మనమేం పాపం చేసినమని?

జర యాదికి తెచ్చుకో. అప్పుడు నాకు ఏడేండ్లు. దగ్గితే నెత్తురు పడుతాంటే నన్ను బుజాన ఏసుకొని దేవరకొండల బస్సెక్కి నల్లగొండ పెద్ద దవాఖానకు ఉరికినవ్. గోళీలు మింగనని మొరాయిస్తే బెల్లంల పెట్టి మింగిచ్చినవ్. మూడు దినాలు ఉపాసముండి "ఈ పిల్లను నాకు దక్కనియ్యి తండ్రీ, ఇంకేమీ అడగ" అని మోకాళ్ల మీద ఏడ్చినవంట, అవ్వ ఇప్పటికీ చెప్తది. ఇంకేమీ అడగ అన్నోడివి మళ్ల దుబాయి ఎందుకడిగినవయ్యా?

నారాజ్ కాకు, నవ్వుతాలకన్న. కానీ ఒక మాట ఇను. ఎక్స్‌రేల కనబడ్డది ఆ మచ్చనే. సచ్చినోళ్లకు ఎక్స్‌రే ఎవలు తీస్తరు? బతికిన కాబట్టి కనబడ్డది. నువ్వు ఏడ్చి అడిగి తెచ్చుకున్నదాన్ని పట్టుకొని ఎవలో పాపమంటే, నువ్వు ఊకుంటవా? నేనైతే ఊకోను.

నన్ను దుబాయి పంపుతనని దేవుడు నాకు మాటియ్యలే బాపూ. ఆయన తరఫున నువ్వే ఇచ్చినవ్. రేపు నా బతుకు ఎటు పోతదో నాకు తెల్వది. పొద్దుగాల లేవబుద్ధైతాంది, ఆ ముసలమ్మ తల దువ్వబుద్ధైతాంది. ఆయన నన్ను ఇడిసిపెట్టలే అనేటందుకు నా తాన ఉన్న సాక్ష్యం గంతే, నాకది సాలు.

కోత పండుగకు సెలవు తీసుకున్న, వస్తున్న. అన్నం పెట్టుడు ఆపకు. అన్నం, పచ్చిపులుసు పెట్టినా మస్తు. అమ్మను కారప్పొడి దంచి పెట్టమను, వచ్చేటప్పుడు తెచ్చుకుంట. అవ్వకు స్వెటర్ కొన్న, ముందే చెప్పకు.

ఆనాడు లేచి సాక్ష్యం నేను చెప్త. ఆ ఎక్స్‌రే ఫిలిం అడిగి తెచ్చుకున్న, పెట్టెల భద్రంగున్నది. చర్చి కిటికీ ఎలుగుకు ఎత్తిపట్టి, ముందుగాల యాకోబు మామకే చూపిస్త. "ఇగో మామా, మా బాపు ప్రార్థన దేవుడు ఇన్న జాగా ఇది" అంట. నువ్వు వచ్చినా చెప్త, రాకున్నా చెప్త.

అయ్యగారికి, అవ్వకు వందనాలు చెప్పు. యాకోబు మామకు సుత చెప్పు. నీ చెయ్యి నా నెత్తి మీద ఉన్నట్టే అనుకొని ఇంతటితోని ఆపుతున్న. సాక్ష్యం అయినంక పాట ఎత్తుకుంట. నా గొంతు నీకెరికే గదా, దరువు లేకుంటే ఆగమైత. వానలకు కంజీర తోలు సల్లవడి ఉంటది. దాన్ని గోడ మీదినుంచి దించి, జర మంటకాడ కాపి పెట్టు.

ఇట్లు,
బతికిన నీ బిడ్డ,
ఏస్తేరు