ఇంటాయన ఇచ్చిన కవరు

అమ్మకి,

నీ చిన్నది నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. నీ అల్లుడి జలుబు కూడా బాగానే ఉంది, ఇప్పట్లో పోయేలా లేదు. నీ మోకాళ్లు, నాన్న కళ్లు కాస్త నయమని, అన్నయ్య వాళ్లంతా కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అంది వారమైంది. ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని అన్నయ్య నవ్వుతాడు గానీ, ఫోన్లో నీకు సగం వినపడదు, మిగతా సగం విన్నట్టు నటిస్తావు. పైగా అన్నయ్య స్పీకరు పెడతాడు, పక్కనే నాన్న ఉంటాడు. ఈసారి చెప్పేది నాన్న వినకూడదు. అందుకని ఇది నువ్వొక్కదానివే ఉన్నప్పుడు చదువు.

ముందు నీ ప్రశ్నలు. ఇల్లు కొనడానికి పెట్టుకున్న బ్రోకరు మనల్ని ముంచే రకం కాదు కదా అని అడిగావు. బట్టతల, గట్టి గొంతు, చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి. ఇళ్ల బేరాల్లోకి రాకముందు పదిహేనేళ్లు నీళ్ల మోటార్లు బాగుచేశాడట. ఏ ఇంటికి వెళ్లినా ముందు కుళాయి తిప్పి గొట్టానికి చెవి ఆనించి వింటాడు. తర్వాత తాళాలు నా చేతిలో పెట్టి గేటు బయటికి వెళ్లిపోతాడు. "పది నిమిషాలు మీరొక్కరే తిరగండి మేడం. నేను లోపలుంటే మాట్లాడుతూనే ఉంటాను, మీకు ఇల్లు కనపడదు" అంటాడు. అంత వాగే మనిషికి తన సంగతి తనకి తెలియడం నాకు నచ్చింది. బయట నిలబడి సిగరెట్టు కాల్చుకోవడానికే ఈ ఎత్తు అని నీ అల్లుడి అనుమానం. అదీ నిజమే.

అలా ఆరు ఇళ్లు చూపించాడు. ఒకటి ఇరుకన్నాను. ఒకటి మరీ విశాలం, ఊడవలేనన్నాను. ఒకదానికి ఏ వంకా దొరక్క మెట్లు నచ్చలేదన్నాను. ఆరో ఇంటి ముందు ఆయన తాళాలు జేబులో వేసుకుని, "మేడం, తప్పుగా అనుకోకండి. పది నిమిషాలిస్తే ఎనిమిది నిమిషాలు వంటింటి కిటికీ దగ్గరే ఉంటున్నారు. గేటు దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. మీరు ఇల్లు చూడ్డానికి రావట్లేదు, ఎక్కడో చూసిన ఇంటి కోసం వస్తున్నారు" అన్నాడు.

నిజమేనమ్మా. ఆరిళ్లలోనూ నేను వెతికింది నీ కిటికీనే.

ఈ ఊరికి బదిలీ అయి వచ్చినప్పటి నుంచి మనం ఇక్కడున్న ఆ మూడేళ్లూ ఒకటే గుర్తుకొస్తున్నాయి. మనం మారిన అద్దె ఇళ్లన్నీ కలిపి తొమ్మిదో పదో. అందులో నీకూ నాకూ ఇల్లు అంటే అదొక్కటే. ఎర్రటి గచ్చు, కొంచెం పైకెత్తితే తప్ప మూసుకోని వీధి తలుపు, వంటింట్లో నేను కాళ్లు ముడుచుకుని కూర్చునేంత వెడల్పు కిటికీ గట్టు. సాయంత్రం పూట నువ్వు కూరలు తరుగుతూ నాకు ఎక్కాలు అప్పజెప్పించుకునేదానివి. తప్పు చెబితే కత్తి ఆగేది, అంతే, ఒక్క మాట అనేదానివి కాదు. అద్దె ఇల్లయినా ఆ కిటికీ చువ్వలు వారానికోసారి తడిగుడ్డతో తుడిచేదానివి. "మన ఇల్లు కాదు కదే" అని పక్కింటావిడ అంటే, "మనం ఉన్నన్నాళ్లు మనదే" అనేదానివి. ఆ గొంతు నాకింకా వినిపిస్తోంది. అంత ధీమాగా నువ్వు మాట్లాడిన రోజులు మళ్లీ చూడలేదు.

ఆ ఇల్లు పోయాక నాన్నని నువ్వు ఎత్తిపొడవని పండగా పబ్బమూ లేదు. మొన్నటి ఉత్తరంలోనూ రాశావు. "బేరం దగ్గర మీ నాన్నలా నోరు మూసుకుని కూర్చోకు. ఆ రోజుల్లో ఈయన ఇంటాయన్ని ఒక్క మాట అడిగి ఉంటే ఆ ఇల్లు పరాయివాళ్ల పాలయ్యేదా" అని. ఆ లైను దగ్గర ఉత్తరం పక్కన పెట్టేశాను.

సరే, బ్రోకరుకి మన వీధి పేరు చెప్పాను. ఆయన రెండు రోజులు కనపడకుండా పోయి మూడో రోజు వచ్చాడు. మన ఇల్లు అమ్మకానికి లేదు. దాన్ని కొన్నవాళ్లు పైన రెండంతస్తులు వేశారు, చూస్తే గుర్తుపట్టవు. దాని వెనక, సందులోకి తిరిగితే చిన్న డాబా ఇల్లు ఉంది. అదే చూపించాడు. నీళ్లున్నాయి. వంటింట్లో పొద్దుటి ఎండ పడుతుంది. కిటికీ మామూలు కిటికీ, గట్టు మీద గ్లాసు కూడా నిలవదు. అయినా నాకు నచ్చింది.

సంతకాలకి ముందు ఈ బ్రోకరు కొనేవాళ్లని పక్కింటివాళ్ల దగ్గరకి తీసుకెళ్లి పరిచయం చేస్తాడు. ఎవరు చెప్పినా మానడు. "రేపు గోడ మీద గొడవొస్తే నన్ను తిడతారు, ముందే ఒకరి మొహాలు ఒకరు చూసుకోండి" అంటాడు. అలా పక్కింటి తలుపు కొట్టాడు. తీసింది ఎవరనుకున్నావు? టైపక్క. మన ఇంటాయన కూతురు. రోజూ పొద్దున్నే టైపు నేర్చుకోవడానికి సైకిలు మీద వెళ్లేది, గుర్తుందా? జుట్టు నెరిసింది గానీ అదే నవ్వు. నేనెవరో చెబితే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

కాఫీ తాగుతుండగా తనే అంది. "మా నాన్న ఆ ఇల్లు మీకే ఇవ్వాలనుకున్నారు, తెలుసా. మీ అమ్మ దాన్ని చూసుకునే తీరు ఆయనకి అంత ఇష్టం. అద్దె కట్టినట్టే నెలనెలా కట్టుకోండి, తొందరేం లేదని ఉత్తరం కూడా రాశారు. మీ నాన్నగారి నుంచి జవాబే రాలేదు. నెలరోజులు చూసి వేరేవాళ్లకి మాటిచ్చేశారు."

అమ్మా, ఇక చెప్పేస్తాను. ఆ ఉత్తరం నాన్న చేతికి రాలేదు. ఇంటాయన దాన్ని నా చేతికిచ్చాడు.

నాకు ఎనిమిదేళ్లు. బడి నుంచి వస్తుంటే గేటు దగ్గర ఆపి, కవరిచ్చి, "మీ నాన్నకివ్వు, పారేయకు" అన్నాడు. అంతకు ముందు రోజే నేను పెరటి గోడ నిండా బొగ్గుతో రైలు గీశాను. గోడకి మేకు కొట్టకూడదు, గచ్చు మీద బల్ల ఈడ్చకూడదు, ఇంటాయన నోటితో చెప్పకుండా కాగితం రాశాడంటే ఖాళీ చేయమనే, ఇవన్నీ అద్దె ఇళ్లలో పెరిగిన పిల్లలకి అక్షరాలకంటే ముందు వస్తాయి. నా రైలు వల్లే మనల్ని వెళ్లగొడుతున్నారనుకున్నాను. కవరు విప్పకుండానే ముక్కలు చేసి కాలవలో వేశాను. రెండు రోజులు ఆ గోడని తడిగుడ్డతో రుద్దాను. బుద్ధిగా ఉన్నానని నువ్వు మెచ్చుకున్నావు కూడా. ఆ తర్వాత నిజంగానే ఖాళీ చేయమన్నారు. ఇన్నేళ్లూ అది నా రైలు తప్పనే అనుకున్నాను. చెప్పడానికి సిగ్గేసింది. నువ్వు నాన్నని అంటున్నప్పుడల్లా అక్కణ్ణుంచి లేచిపోయేదాన్ని. కాగితంలో ఏముందో నాకు మొన్న టైపక్క చెబితేనే తెలిసింది.

ఇంతే అయితే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. టైపక్క ఇంకో మాట చెప్పింది. సామాను బండికెక్కించే రోజు నాన్న తాళాలివ్వడానికి వాళ్లింటికి వెళ్లాడట. "ఉత్తరానికి జవాబైనా ఇవ్వలేదేమండీ, మీ అమ్మాయి చేతికే ఇచ్చానే" అని ఇంటాయన నిష్ఠూరమాడాడట. నాన్న వెనక్కి తిరిగి చూశాడట. వాళ్ల గుమ్మంలోంచి కనపడే మన పెరట్లో నువ్వూ నేనూ గిన్నెలు కాగితాల్లో చుడుతున్నాం. నాన్న తాళాలు ఆయన చేతిలో పెట్టి, "అందిందండీ. మాకే వీలు పడలేదు" అన్నాడట.

నాన్నకి తెలుసమ్మా. ఆ రోజు నుంచీ తెలుసు. నాతో ఒక్కసారి కూడా అనలేదు. ఎప్పుడూ గుచ్చి చూడనైనా లేదు. నువ్వు చుట్టాలందరి ముందూ నోట్లో నాలుక లేని మనిషన్నప్పుడు పేపరు మడిచి పక్కన పెట్టి, "అవునే, నాదే తప్పు" అని నవ్వేవాడు. నాన్నకి చేతకాదనే నేనూ అనుకున్నాను. దానికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

నీ మీద కోపం లేదు. నీకు తెలియదు, తెలియనివ్వలేదు. ముప్పై రెండేళ్లు నువ్వు నాన్నని అన్న మాటలన్నీ నావి. ఇక నుంచి నన్ను అను, ఉత్తరం రాసి అను, ఫోన్ చేసి అను, పడతాను. వచ్చే బుధవారం సంతకాలు. నాన్ననీ తీసుకుని రా. ఆయన తన ఎనిమిదేళ్ల కూతుర్ని ఇన్నాళ్లూ కాపాడుతూనే ఉన్నాడు. ఆ పిల్లకి నలభై ఏళ్లొచ్చాయని, ఇక ఆ మాటలు ఆయన పడక్కర్లేదని నేను చెబితే నవ్వి ఊరుకుంటాడు. నువ్వే చెప్పాలి.

ఇట్లు,
నీ చిన్నది