అమ్మ చదవగలిగే తెలుగు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు పనిచేసిన ఆ ఉచిత పుస్తకాల యాప్ వాళ్లు నిన్న ఆన్‌లైన్ మీటింగు పెట్టి, వచ్చే ఏడు ఏమేం చేర్చాలో అడిగారు. నీ బదులు నేను కూర్చున్నాను. తెలుగు కథల్ని తమిళ అక్షరాల్లో చూపించే వసతి ఎప్పుడొస్తుందని అడిగాను. నువ్వు మూడేళ్లు అడిగిన ప్రశ్నే.

"తెలుగువాళ్లకి తమిళ లిపి ఎందుకండీ? తెలుగు నేర్చుకుంటే పోలేదా?" అన్నాడు మీటింగు నడుపుతున్న హైదరాబాదు ఆయన.

నాకు ఒళ్లు మండింది. కోయంబత్తూరులో తమిళ బడికి వెళ్లిన అమ్మకు ఇంటి మాట తెలుగైనా, చదవడం వచ్చింది తమిళమేనని మళ్లీ మొదటినుంచీ చెప్పాను. "పరిశీలిస్తాం" అన్నారు.

పక్కన చిక్కుళ్లు తుంచుతున్న అమ్మకు ఓపిక పోయింది. "ఎన్ని తూర్లు అడిగేది? చేస్తే చేస్తామను, లేదంటే లేదను. నా కన్ను బాగుండేటప్పుడే చెప్పమను!"

అది అందరికీ వినిపించింది. ఆయన గొంతు తగ్గించి, "దానికి కోడు మీ అన్నగారు సగం రాశారు. ఎవరైనా పూర్తిచేస్తే చేర్చుకుంటాం," అన్నాడు. కోపంలో నేనే చేస్తానన్నాను.

నాకు వచ్చిన కోడింగు నువ్వు నేర్పిన కాస్తే. పొద్దుట్నుంచి నీ ఫైళ్లు తెరిచి నిన్ను తిడుతూనే ఉన్నాను. ఒక్కచోటైనా వివరం రాయాలని తోచలేదా నీకు?

సాయంత్రానికి ఒక్క తెలుగు వాక్యం తమిళ అక్షరాల్లో తెరమీదికి వచ్చింది. అమ్మ 'గాలి'ని 'కాలి' అని చదివి, "తప్పుగా ఉండాదే" అంది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కదా. దీనికి నువ్వేం చేద్దామనుకున్నావో ఎక్కడా రాయలేదు, అన్నా.