వంపు దగ్గర వెయ్యి కిలోలు

ములకలపల్లి,
తేది: 22-8-2009.

గౌరవనీయులైన బాలకృష్ణ సార్ గారికి,

పాలిటెక్నిక్‌లో మీ దగ్గర ఫ్లూయిడ్ మెకానిక్స్ చదువుకుని, ఇంటర్నల్ పరీక్షలో తప్పిన మహిమ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. మీరూ మేడమ్ గారూ క్షేమమని తలుస్తాను. దేవుని కృప వల్ల ఇక్కడ అమ్మ, నాన్న, నేను బాగున్నాం. మీరు రిటైరై ఖమ్మంలో ఉంటున్నారని, మొన్న భద్రాచలం బస్సులో కలిసిన మా బ్యాచ్ సుకుమార్ చెప్పి మీ అడ్రసు ఇచ్చాడు.

సార్, మా వంపు నిలబడింది! ముందు ఆ మాట రాయకుండా ఉండలేకపోయాను. ఇక మొదటి నుంచి చెబుతాను.

నేనిప్పుడు ఇక్కడ వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. కాంట్రాక్టు ఉద్యోగమే. అడవి అంచున ఒక గూడెం రైతుల పొలాలకు చిన్న ఎత్తిపోతల లిఫ్టు పెడుతున్నారు. వాగు ఒడ్డున మోటారు. అక్కడి నుంచి ఆరంగుళాల పైపు కొంతదూరం నేల మీద వెళ్లి, నలభై మీటర్ల ఎత్తున మిట్ట మీదున్న సిమెంటు తొట్టికి ఎక్కుతుంది. దారిలో బండ అడ్డం వస్తే పైపును మూలమట్టంగా పక్కకు తిప్పాల్సి వచ్చింది. డ్రాయింగులో లేని వంపు అది. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి కదా, గూడెంలో నారుమళ్లు బీటలిచ్చాయి. అందరి ఆశా ఆ తొట్టి మీదే.

మేస్త్రీ జంపయ్య నన్ను అడిగాడు, "మేడం, గీ వంపు ఎనక సిమెంటు దిమ్మె కట్టొద్దా?" అని. లెక్క వేసి చెబుతానన్నాను. మీరు నేర్పిన మొమెంటం సూత్రమే వేశాను. సెకనుకు ఇరవయ్యారు లీటర్లు, వేగం మీటరున్నర. అంత నీటిని పక్కకు మళ్లించాలంటే వంపు దాన్ని తోయాలి, నీళ్లు వంపును తిరిగి తోస్తాయి. ఎంత అని చూస్తే ఆరు కిలోలు కూడా రాలేదు. ఆరు కిలోలకు దిమ్మె ఎందుకు, మట్టి కప్పితే చాలన్నాను. జంపయ్య నా కాగితం వైపు చూసి, వంపు వైపు చూసి, "మీరు సదువుకున్నోళ్లు" అని మట్టి కప్పడానికి పార అందుకున్నాడు.

ఆగస్టు మూడున మోటారు వేశాం. గూడెం మొత్తం వచ్చింది. పగిడయ్య అనే పెద్దాయన కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. పైపులో నీళ్లు మిట్ట ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. అందరూ మిట్ట వైపు చూస్తుండగా ఢామ్మని వంపు మట్టిని చీల్చుకుని బయటపడింది! ఇల్లెత్తున నీళ్లు లేచాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, కాయ కొట్టకముందే అందరం తడిసి ముద్దయ్యాం.

జాయింటు సరిగ్గా వేయలేదని కాంట్రాక్టరు జంపయ్య మీద కేకలేశాడు. రేపటి నుంచి పనికి రావద్దన్నాడు. జంపయ్య తలగుడ్డ పిండుకుంటూ నిలబడ్డాడు. దిమ్మె వద్దన్నది నేనేనని చెప్పలేదు సార్.

ఆ మధ్యాహ్నం అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని, పిల్లల సుద్దముక్కతో వంపు బొమ్మ గీశాను. వంపులో ఉన్న నీటిని రెండు వైపులా కోసి విడిగా చూడాలని మీరు చెప్పేవారు. "కోసిన కాడ ఊకనే వదిలెయ్యకుండ్రి, అవతలి నీళ్లు ఏం చేస్తున్నయో అడుగుండ్రి" అంటూ రెండు మొనల దగ్గరా లావుపాటి బాణాలు గీసేవారు. నా బొమ్మలో ఆ బాణాలు లేవు. పరుగెత్తే నీటిని లెక్కపెట్టాను గానీ, నలభై మీటర్ల ఎత్తు నుంచి దాని మీద పడే ఒత్తిడిని మరిచిపోయాను. చదరపు సెంటీమీటరుకు నాలుగు కిలోలు. అంటే ఒక్కో మొన మీద ఏడువందల కిలోలు. ఒకదానికొకటి మూలమట్టంగా ఉన్న ఆ రెండూ కలిసి వంపును బయటికి తోసేది వెయ్యి కిలోలు! చెరిపేసి మళ్లీ వేశాను. వెయ్యే.

మర్నాడు మా పై ఇంజనీరు డి.ఈ. గారు వచ్చారు. తప్పు జంపయ్యది కాదు, నా లెక్కదని అందరి ముందూ చెప్పి, కాగితం ఇచ్చాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన కాగితం చూసి, దిమ్మె ఎంత పెద్దది కావాలో సాయంత్రానికి లెక్క వేసుకుని రమ్మన్నారు, జంపయ్యతోనే కట్టించమన్నారు. అంతే! జంపయ్య నా పక్కకొచ్చి, "ఆరు యాడ, వెయ్యి యాడ! గంత తేడానా మేడం?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వాగలేదు.

జంపయ్య వంపు వెనక గట్టి నేల తగిలేదాకా తవ్వి, మనిషి నడుమెత్తున దిమ్మె కట్టాడు. అది ఆరకుండా రోజూ తడపాలి కదా, పూలి అనే రైతమ్మ ఆ పని తనంతట తానే మీద వేసుకుంది. వాగు నుంచి బిందెలతో తెచ్చి, తన నారుకు సగం, దిమ్మెకు సగం పోసేది. ఎందుకమ్మా నీకీ కష్టమంటే, "గిది బతికితేనే మా నారు బతుకుతది" అంది.

నిన్న మళ్లీ మోటారు వేశాం. ఈసారి వంపు దగ్గరికి ఎవరూ రాలేదు. జంపయ్య ఒక్కడే వెళ్లి దిమ్మె మీద చెయ్యి వేశాడు. నేనూ వెళ్లి వేశాను. లోపల నీళ్ల అదురు తెలుస్తోంది గానీ దిమ్మె వెంట్రుకవాసి కదల్లేదు. కాసేపటికి మిట్ట మీద పగిడయ్య తువ్వాలు ఊపుతూ, "వచ్చినయ్! వచ్చినయ్!" అని అరిచాడు. అందరం పైకి పరుగెత్తాం. పూలి నన్ను బట్టలతోనే తొట్టిలోకి లాగేసింది. నా చెప్పొకటి తొట్టి నుంచి పొలాలకు పోయే కాలవలో కొట్టుకుపోయింది, ఇంకా దొరకలేదు. ఒంటికాలి చెప్పుతో బస్సెక్కి ఇంటికొచ్చాను సార్. అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

మీరొకసారి వచ్చి చూడాలి. నాన్న కూడా మరీ మరీ రమ్మన్నాడు.

మీ దీవెనలు కోరే విద్యార్థిని,
మహిమ

తా.క.: సార్, ఇది పైన రాద్దామని మూడు కాగితాలు చించాను. నేను ఇంటర్నల్‌లో తప్పిన ఏడు ప్రిన్సిపాల్ గారికి మీ మీద ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. మీ ఇంటికి ట్యూషన్‌కు వచ్చేవాళ్లకే మార్కులు వేస్తారని. అది రాసింది నేనే. మీరు ఎవరికీ ట్యూషన్ చెప్పలేదని నాకు తెలుసు. పైపు వంపు లెక్కకు పదిహేనుకు రెండే వేశారన్న కోపంతో రాశాను. ఆ లెక్కలోనూ నేను వదిలేసింది ఒత్తిడినే. విచారణలో మీ తప్పేమీ లేదని తేలినా, ఆ తర్వాత మీరు సాయంత్రాలు కూర్చుని డౌట్లు చెప్పడం మానేశారు. నా మూలంగా క్లాసంతా నష్టపోయింది. జంపయ్య సంగతి నలుగురిలో ఒప్పుకున్నాక ఇది దాచుకోవడం నావల్ల కాలేదు. నన్ను క్షమించండి. ఈ ఉత్తరం ఎవరికి చూపించినా సరే. ఆ ఉత్తరం కింద పేరు పెట్టలేదు. ఇక్కడ పెడుతున్నాను.

మహిమ, తండ్రి ఏసయ్య,
చర్చి వెనక వీధి,
ములకలపల్లి, ఖమ్మం జిల్లా.