మలీద పెట్టిన చెయ్యి

శుక్రవారం, రాత్రి
ఆత్మకూరు

పొద్దుగాల నర్సింగ్ కాలేజీల పరువు పోయింది. పొట్ట తెరిచిన బొమ్మ ముంగట నన్ను నిలవెట్టి, "కుడి కిడ్నీ చూపియ్యి" అన్నది మేడం. నేను నా కుడిచెయ్యి దిక్కున్నది చూపిచ్చిన. అందరు నవ్విన్రు. "కుడి ఎడమలు నీయి గావు, పేషెంటువి. రేపు మళ్ళ అడుగుత" అన్నది.

ఇంటికొచ్చి, నేర్చుకుందామని అవ్వను ఆ బొమ్మ లెక్క నిలవెట్టిన. అనాటమికల్ పొజిషన్ అంటే నిటారుగ నిలవడి, చేతులు కిందికి ఇడిచి, అరచేతులు ముంగటికి తిప్పాలె. "గిట్ల నిలవడితె అడుక్కున్నట్టున్నదే పిల్లా" అని అవ్వ ఒకటే నవ్వుడు.

గప్పుడే పక్కింటి ఖాజాబీ పీర్ల పండుగకు రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద పట్టుకొచ్చింది. అవ్వ అరచేతులు చూసి, ఏం అడగకుంట కుడిచేతుల ఇంత పెట్టింది. "కదలకు అవ్వా!" అని నేను మొత్తుకున్న. ఎదురుంగ నిలవడ్డ ఖాజాబీ అవ్వ కుడిచెయ్యి ఏదో అని జర గూడ తడబడలే. మలీద ఎడమచేతుల ఎవరు పెడ్తరు? నేను గూడ చిన్నప్పటిసంది ఎదుటోళ్ల కుడిచేతులనే పెడుతున్న గద! మరి బొమ్మ ముంగట నా బుద్ధి ఏడ వోయింది?

అవ్వ మలీద తిని, మళ్ళ అరచేతులు తిప్పి నిలవడ్డది. "ఇంకింత ఉన్నదా ఖాజాబీ?" అన్నది.

ఇగ ఫికర్ లేదనుకున్న. రేపు ఆ బొమ్మకు మలీద ఏ చేతుల పెడ్తనో గదే కుడి. లైటు తీసేద్దామని లేస్తుంటె యాదికొచ్చింది. గా బొమ్మకు చేతులే లేవు...