లిఫ్టులో నోరు పెగలలేదు

సోమవారం రాత్రి, లింబాయత్

ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

మధ్యాహ్నం, మేం వలసొచ్చి పనిచేసే మిల్లులో గుడ్డ తాన్లతో పైకి పోతున్న లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల నేనూ, నాతో పనిచేసే లింగన్నా. ఒక్కసారిగా కిందికి జారి మళ్ళీ ఆగింది. లింగన్న చీకట్లో నా చెయ్యి పట్టుకుని, "వేములవాడ రాజన్నా, నువ్వే దిక్కు తండ్రీ" అని ఏడుస్తూ మొక్కాడు. నాకు నోరు పెగలలేదు. ఏటా రాజన్న గుడిలో కోడెను కట్టి మొక్కు చెల్లించే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ క్షణాన దేవుడు కాదు, రేపు నా మిషన్ మీద ఎవర్ని పెడతారన్నదే మనసులో మెదిలింది.

కాసేపటికి మెకానిక్ తలుపు తెరిచాడు. "చలో, కామ్ పే లగో" అన్నాడు సూపర్‌వైజర్. మళ్ళీ పనిలో పడ్డాం.

ఇంటికొచ్చి, దేవుడు గుర్తుకే రాలేదని నా భార్య సుజాతకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను.

"గింత అలసిపోతే దేవుడెట్ల యాదికొస్తడు? ఆపదల మొక్కుడు అందరికొస్తది. ఏం కానప్పుడు గూడ జర యాది చేస్కో" అంది, అన్నం పెడుతూ.

తిన్నాక గోడమీది రాజన్న పటం ముందు నిలబడ్డాను. అమ్మ నేర్పిన పాట మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. ఏం అడగాలో కూడా తోచలేదు. చాలా ఏళ్ళకు ఇల్లు చేరినవాడు గడప దగ్గర అన్నట్టు, "రాజన్నా, వచ్చిన" అన్నాను.

అంతకు మించి నోట రాలేదు. రేపు షిఫ్టు తొందరలో ఆ ఒక్క మాటైనా గుర్తుంటుందా...